నొప్పి తగ్గిన పూట

వరంగల్ దవాఖానలో హౌస్‌సర్జన్‌గా పనిచేసిన ఆ ఏడాదంతా నాకు ఒకచోట కాలు నిలవలేదు. స్కానింగులు మా దాకా రాని రోజులవి. కడుపునొప్పి అంటూ వచ్చిన మనిషికి లోపలేం జరుగుతోందో చేత్తో ఒత్తి తెలుసుకోవలసిందే. ఇంట్లోనేమో ఆ చేతులంటేనే ఏవగింపు. మాది హనుమకొండలో కిరాణా దుకాణం నడిపే కుటుంబం. "ఎవలెవల్నో ముట్టుకొనొస్తవు, తానం చేసినంకనే వంటింట్లకు రా" అని నాయనమ్మ గడపలోనే ఆపేసేది. నాకు ఒళ్లు మండేది.

ఒక పొద్దున రఘునాథపల్లి వైపు నుంచి ఒక తల్లి, బడికి పోయే వయసున్న కూతురిని తీసుకొచ్చింది. పిల్లకు జ్వరం, వాంతులు, పొత్తికడుపులో నొప్పి. బొడ్డు జరిగిందనుకుని తల్లి అప్పటికే ఆముదం రాసి కడుపంతా రుద్దింది. మా వైపు కడుపునొప్పికి మొదటి వైద్యం అదే. కుడి పక్కన నేను వేలు ఆనించగానే పిల్ల ఎగిరిపడింది. అపెండిక్స్ అనుకుని పెద్ద డాక్టరుకు కబురు పంపాను. ఆయన థియేటర్‌లో ఇంకో ఆపరేషన్‌లో ఉన్నారు. అది ఎంతకీ తెమలదు. నేను వార్డుకూ థియేటర్ తలుపుకూ మధ్య తిరుగుతూనే ఉన్నాను.

మధ్యాహ్నం మళ్లీ వెళ్లేసరికి తల్లి బట్టలు మూట కడుతోంది. ముఖం కళకళలాడుతోంది.

"నొప్పి పోయింది డాక్టరమ్మా. నేను రుద్దిన రుద్దుడుకు బొడ్డు కుదురుకున్నది. ఇగ ఇంటికి పోతాం."

పిల్ల నవ్వబోయింది కానీ మంచం మీద ఇటునుంచి అటు కదల్లేదు. కడుపు మీద చెయ్యి వేశాను. చెక్కలా ఉంది. ఊపిరి తీసుకుంటున్నా కడుపు ఆడటం లేదు. అపెండిక్స్ లోపల పగిలిపోతే కాసేపు నొప్పి తగ్గినట్టే ఉంటుంది. అసలు గండం అప్పుడే మొదలవుతుంది.

"ఇంటికి తీస్కపోతే పిల్ల దక్కదమ్మా!" అని అరిచాను.

ఆమె నాకంటే గట్టిగా అరిచింది. "నొప్పి లేని పిల్లను కోస్తరా? రేపు పెండ్లి గావాల్సిన పిల్ల కడుపు మీద గాటు పెడ్తరా?"

ఆమె చెయ్యి పట్టుకుని లాగి పిల్ల కడుపు మీద పెట్టాను. తర్వాత అదే చేతిని నా కొంగు తప్పించి నా కడుపు మీద పెట్టుకున్నాను. వార్డంతా చూస్తోంది. నాకు సిగ్గు కూడా వేయలేదు.

"పొద్దుగాల నువ్వు రుద్దినప్పుడు ఎట్లుండె? గిప్పుడు ఎట్లున్నది? నువ్వే చెప్పు."

ఆమె ఇంకోసారి పిల్ల కడుపు తడిమింది, ఈసారి మెల్లగా.

"పొద్దుగాల గిట్ల లేకుండె" అంది. "జల్ది తీస్కపో బిడ్డా."

పెద్ద డాక్టరు చేతిలో ఉన్న ఆపరేషన్ ముగించుకుని వచ్చి కోసి చూస్తే లోపలంతా చీము. ఆపరేషన్ తర్వాత కూడా జ్వరం దిగలేదు. నాకు అన్నం సయించేది కాదు. డ్యూటీ ఉన్నా లేకున్నా పోయి ఆ కడుపు తాకి చూసేదాన్ని. తాకిన ప్రతిసారీ తల్లి నా ముఖంలోకే చూస్తుండేది.

ఒక ఉదయం నా చేతి కింద కడుపు మెత్తగా లోపలికి పోయింది. నమ్మలేక కుట్ల పక్కన ఇంకాస్త ఒత్తాను.

"అబ్బా, మెల్లగ ఒత్తక్కా! నొస్తాంది" అని పిల్ల నా చెయ్యి విసిరికొట్టింది.

"నొస్తాందట!" అంటూ తల్లి పక్క మంచాల వాళ్లందరికీ చెప్పి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.