మేడం సంతకం పెట్టని పేపర్

నిన్న పొద్దున మేడం చెల్లెలు దవాఖాన నుంచి ఫోన్ చేసింది. "అక్క పోయింది బిడ్డా" అన్నది.

నా బుర్రకెక్కలేదు. మొన్న సాయంత్రమే కదా బెడ్ మీద నుంచి నన్ను తిట్టింది. అంత గట్టిగా తిట్టే మనిషి ఎట్లా పోతుంది?

సరోజన మేడం. మా బాటనీ ప్రొఫెసర్, నా పీహెచ్‌డీ గైడ్. మిర్చి తెగుళ్ల మీదే పని. వరంగల్ చుట్టుపక్కల ఆమె అడుగుపెట్టని మిర్చి చేను లేదు.

తెలియని వాళ్లకు ఒక సంగతి చెప్పాలి.

చాలా ఏళ్ల కింద మేడం ఒక పెద్ద ఫారిన్ జర్నల్‌లో పేపర్ వేసింది. అందరిలాగే కాపీరైట్ వాళ్లకు రాసిచ్చింది. ఆ పని అంతా ఐలయ్య అనే రైతు చేనులో జరిగింది. మేడం పంపిన లింక్ ఆయన ఓపెన్ చేస్తే, చదవాలంటే డాలర్లు కట్టమని వచ్చింది.

"మేడం, మా చేన్ల పని జేసి మాకే తాళం ఏస్తిరా?" అని ఫోన్ చేసిండు.

ఆ రోజు మేడంకు అన్నం సయించలేదు.

తర్వాత ఆ పేపర్‌ను గ్రాఫులతో సహా ప్రింట్ తీయించి, పక్కన తెలుగులో వివరం రాసి, మిర్చి యార్డు గోడకు అంటించింది. అంటించడానికి మైదా ఉడకబెట్టింది నేనే. ఫొటో తీసి ఫేస్‌బుక్‌లో కూడా పెట్టింది!

పబ్లిషర్ మెయిల్ వచ్చింది. కాపీరైట్ మాది, వెంటనే తీసేయండి అని. డిపార్ట్‌మెంట్‌లో అందరికీ చెమటలు పట్టాయి.

మేడం రిప్లై ఒక్క లైన్. "గోడ వరంగల్‌లో ఉంది, వచ్చి పీక్కోండి." కింద విత్ రిగార్డ్స్ కూడా పెట్టింది.

ఎవడూ రాలేదు.

అప్పటి నుంచి ఓపెన్ లైసెన్స్ ఇచ్చే జర్నల్స్‌కే పంపేది. అంటే మన పేరు చెప్పి ఎవరైనా చదువుకోవచ్చు, పంచుకోవచ్చు, తెలుగులోకి మార్చుకోవచ్చు. "అన్నీ చిన్న జర్నల్సే కదా" అని మీటింగుల్లో నవ్వినవాళ్లున్నారు. నిన్న దండలు పట్టుకొని వాళ్లూ వచ్చారు. చూశాను లెండి.

మా ఇద్దరి చివరి పేపర్ మాత్రం పెద్ద జర్నల్‌కు వెళ్లింది. అదే డిపార్ట్‌మెంట్‌లో నాది కాంట్రాక్ట్ ఉద్యోగం, పర్మినెంట్ కావాలంటే అట్లాంటిది ఒకటి కావాలి. నా పోరు పడలేక మేడం ఒప్పుకుంది, ఓపెన్ లైసెన్స్ ఇస్తేనే అని. పేపర్ వేసుకుంటామని చెప్పాక వాళ్లు మాట మార్చారు. ఓపెన్‌గా పెట్టాలంటే మా జీతాలకు అందని ఫీజు, లేదంటే కాపీరైట్ రాసివ్వాలి.

మొన్న సాయంత్రం తిట్లు అందుకే.

"నీ నౌకరీ ఫికర్ నాకు లేదానే? ఉన్నది. గని ఆ రైతులకు ఏం మొఖం సూపెడ్తం? నేనైతే సంతకం పెట్ట."

మేడం పోయిన సంగతి నిన్న రాత్రి జర్నల్‌కు రాశాను. ఇవాళ పొద్దున వాళ్ల మెయిల్. ముందు సంతాపం. దాని కిందే, మిగిలిన ఆథర్‌గా నేను సంతకం పెడితే సరిపోతుందట. ఆమె తరఫున కూడా.

ఆమె తరఫున!

చెల్లెలికి చదివి వినిపించాను. "అక్క పెట్టనన్నంక మనమెందుకు పెడ్తం బిడ్డా" అన్నది.

పేపర్ వెనక్కి తీసుకున్నాను. పర్మినెంట్ అవుతానో లేదో తెలియదు. భయంగానే ఉంది. కానీ సంతకం పెట్టనంత వరకు ఆ పేపర్ మాదే. అందుకే మొత్తం పేపర్, తెలుగు వివరంతో సహా, ఓపెన్ లైసెన్స్ మీద ఈ పోస్ట్ కింద ఫస్ట్ కామెంట్‌లో పెట్టాను. డౌన్‌లోడ్ చేయండి, వాట్సాప్‌లో పంపండి, పురుగుమందుల షాపుల్లో ప్రింట్లు ఇవ్వండి.

మేడం పేరు మాత్రం తీసేయకండి.

పోయి రండి మేడం. మీ తరఫున ఎవరూ సంతకం పెట్టరు, నేనున్నాను. నిమ్మళంగా పడుకోండి.