థర్డ్ పార్టీకి ఎత్తని చేతులు

2004 వేసవిలో నన్ను టెక్కలి నుంచి పలాసకు స్టాఫ్ రిపోర్టరుగా మార్చారు. మండలానికి ఒకరు చొప్పున ఉండే కంట్రిబ్యూటర్లు పంపిన వార్తలను సరిచూసి శ్రీకాకుళం డెస్కుకు చేర్చడం, పెద్ద వార్తలకు స్వయంగా వెళ్లడం స్టాఫ్ రిపోర్టరు పని. జీడిపప్పు ధరలు, ఆగిపోయిన రైళ్లు, కవిటి వైపు కిడ్నీ రోగుల అవస్థలు, తీరంలో వేట కబుర్లతో రోజులు గడిచిపోయేవి. ఆ ఏడాది చివర్లో మాత్రం వార్తతో సంబంధం లేని పని ఒకటి నా మీద పడింది.

ఉద్దానం తీరంలో మత్స్యకార స్త్రీలు పాడుకునే పాటలను సీడీగా తెచ్చి చందాదారులకు కానుకగా ఇవ్వాలని మా పత్రిక యాజమాన్యం అనుకుంది. పాటలకు వాద్యం ఎక్కడ కట్టించాలో తేల్చి, కారణాలతో సిఫారసు పంపమని ఎడిషన్ ఇన్‌ఛార్జి నాకు ఫ్యాక్సు ఇచ్చారు. విలేకరిని కాకముందు కొన్నేళ్లు నాటకాలకు హార్మోనియం వాయించానని ఆయనకు తెలుసు.

పోటీలో ఇద్దరున్నారు. ఒకటి విశాఖపట్నంలో పేరున్న స్టూడియో. రెండోది కాశీబుగ్గలో ఒక జీడిపప్పు దుకాణం మేడ మీద లోకనాథం పెట్టుకున్న గది. లోకనాథం పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించేవాడు. అది మానేసి కంప్యూటరు కొన్నాడు. గోడలకు గోనె సంచులు వరసగా కుట్టి తగిలించి, రైలు రానప్పుడు రికార్డు చేసేవాడు. సీడీ పని చేతికి రాకపోతే గది ఖాళీ చేసి, బావమరిది జీడిపిక్కల బట్టీలో అజమాయిషీకి కుదురుకోవాలని అతని ఇంట్లో అప్పటికే తేల్చేశారు.

ఇక్కడ యంత్రం సంగతి కొంత చెప్పాలి. అప్పటికి పాట వెనుక వినిపించే వాద్యాలు చాలామటుకు కంప్యూటరులోంచే వచ్చేవి. రికార్డింగ్ సాఫ్ట్‌వేరు కొన్నప్పుడు దానితోపాటే కొన్ని కృత్రిమ వాద్యాలు వస్తాయి. వాటిని బిల్టిన్ అంటారు. అవి కాక, వేరే కంపెనీలు తయారుచేసి అమ్మే వాద్యాలను విడిగా తెచ్చి అందులో తగిలించుకోవచ్చు. వాటిని థర్డ్ పార్టీ ప్లగిన్లు అంటారు. లోకనాథం దగ్గరున్న బిల్టిన్ సింథ్ ధ్వనిని లెక్క కట్టి పుట్టిస్తుంది. విశాఖ వారి ప్లగిన్లలో అసలు వేణువును, అసలు డోలక్‌ను స్వరం స్వరం రికార్డు చేసి పెట్టారు. మీట నొక్కితే ఆ రికార్డే పలుకుతుంది. అందుకే ఆ వృత్తిలో ఉన్నవాళ్లు బిల్టిన్‌ను బొమ్మ వాద్యం కింద జమకట్టేవారు.

పోటీ న్యాయంగా ఉండాలని ఒక ఏర్పాటు చేశాను. వజ్రపుకొత్తూరు వైపు నుంచి నీలమ్మ అనే ఆమెను పిలిపించి, వల లాగేటప్పుడు పాడే పాట ఒకటి వాద్యం లేకుండా లోకనాథం గదిలో రికార్డు చేయించాను. ఆ గొంతునే సీడీలో ఎక్కించి విశాఖకు పంపాను. గొంతు ఒక్కటే, వెనుక వాద్యం మాత్రం ఎవరిది వారిది.

రెండు నమూనాలూ చేతికి వచ్చాక ఎవరు వినాలన్నది ప్రశ్న. సర్క్యులేషన్ మేనేజరు గారు ఏజెంట్ల చేత వినిపిద్దామన్నారు. తెల్లారగట్ల బస్సుల్లోంచి పత్రిక కట్టలు దించుకుని ఊళ్లకు పంచేది ఏజెంట్లే కనుక, ఏది జనానికి నచ్చుతుందో వాళ్లకు తెలుస్తుందని ఆయన లెక్క. నెలవారీ సమావేశానికి పలాస, కవిటి, సోంపేట, టెక్కలి ఏజెంట్లంతా కాశీబుగ్గలో ఒక లాడ్జి హాలుకు వచ్చినప్పుడు మేనేజరు గారే లేచి ప్రకటించారు. "మొదట వినేది బిల్టిన్‌తో చేసింది. రెండోది థర్డ్ పార్టీతో చేసింది. నచ్చినదానికి చెయ్యెత్తండి."

హాలు వెనుక లోకనాథం నిలబడి వింటుండగా రెండూ వేశారు. ఒకరిద్దరు తప్ప హాలంతా బిల్టిన్‌కే చేతులెత్తింది. మేనేజరు గారు ఆశ్చర్యపోయి లోకనాథం చెయ్యి పట్టుకుని ఊపారు. సాయంత్రానికి సిఫారసు ఫ్యాక్సు చేయమని నాకు చెప్పారు. లోకనాథం మొహం చూడాల్సింది. ఏజెంట్లందరికీ టీ చెప్పాడు.

ఎన్నికల ఫలితం వచ్చాక ఓటరును ఎందుకు వేశావని అడగడం విలేకరికి అలవాటు. టీ దుకాణం దగ్గర కవిటి ఏజెంటు భాస్కరాన్ని అదే అడిగాను.

"ఏటి నచ్చింది భాస్కరం, మొదటి దాంట్లో?"

"అందులో ఏటుందని బావా, రెండోది థర్డ్ పార్టీ కదేటి!"

"అయితే?"

"నా బండికి ఉన్నాది థర్డ్ పార్టీ. మొన్న పూండి కాడ గుద్దీసి కాలువలో పడితే నాకొక్క రూపాయి రానేదు. పోలీసోడికి సూపించడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. అలాటి సరుకు మన పేపరోళ్లు జనానికి పంచితే బాగుంటాదేటి?"

పక్కనున్న సోంపేట ఏజెంటు నవ్వుతూ అందుకున్నాడు. "బిల్టిన్ అంటే కంపెనీ ఫిట్టింగ్, మావా. మా అల్లుడు కొత్తిల్లు కట్టించినాడు, బీరువాలన్నీ బిల్టినే. థర్డ్ పార్టీ అంటే బయట బిగించీసినదే గదా."

"పాట సంగతేటి మరి? ఇన్నారా నేదా?"

"ఇన్నాం ఇన్నాం. రెండూ బాగానే ఉన్నాయి. మన నీలమ్మే గదా పాడతన్నాది."

ఇంకొందరిని కదిపాను. అందరూ స్కూటరో మోటారు సైకిలో నడిపేవాళ్లే. అందరికీ థర్డ్ పార్టీ అంటే తక్కువ రకం బీమాయే. హాలులో ఓటు పడింది ధ్వనికి కాదు, మాటకు.

ఫలితం లోకనాథానికి అనుకూలంగా ఉంది. నాకూ అతను గెలవాలనే ఉంది. అయినా ఆ సిఫారసు మీద సంతకం చేయలేను. ఇన్‌ఛార్జి అడిగింది కారణాలతో కూడిన సిఫారసు. మోటారు సైకిలు బీమా గురించి ఏమని రాస్తాను? విశాఖ స్టూడియో వారికి ఈ సంగతి తెలిసి రేపు ప్రశ్నిస్తే పత్రిక పరువేం కావాలి? మళ్లీ వినిపిద్దామని లోకనాథాన్ని పక్కకు పిలిచి చెప్పాను.

అతను గ్లాసు కింద పెట్టేశాడు. "గెలిసినోణ్ణి మళ్లీ గోదాలోకి దింపుతావేటి బావా? నువ్వు నా వోడివా, ఆళ్ల వోడివా?"

"గెలిచింది నీ పాట కాదురా, భాస్కరం బండి."

"ఏదైతే ఏటి! మా ఇంటిదానికి ఫోన్ సేసీసినాను. మా బావమరిదికి కూడా సెప్పీసినాను. ఇప్పుడు ఓడిపోతే ఆ బట్టీ పొగలో నిలబడి ఆడి మొహం ఎలగ సూడాల?"

నీ వాద్యం మీద నీకు నమ్మకం లేదా అని అడిగాను. అతను జేబులోంచి గది తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు. "నాను గది కిందన కొట్లో కూకుంటాను. అయ్యాక పిలు," అని వెళ్లిపోయాడు. మేనేజరు గారు విసుక్కున్నారు కానీ, ఏజెంట్ల రైలు సాయంత్రానికి గానీ లేదు కనుక సరే అన్నారు.

భోజనాల తర్వాత లోకనాథం గదిలోనే రెండోసారి వినడానికి ఏర్పాటు చేశాను. నా ఉద్యోగ జీవితంలో నేను గర్వపడే పనుల్లో ఆ మధ్యాహ్నం ఒకటి. అంతకుముందు ఎవరూ నాకు నేర్పింది కాదు. అసలు ఏ చోట పొరపాటు దూరగలదో ఒక్కొక్కటే ఆలోచించి మూసుకుంటూ వచ్చాను.

మొదట పేర్లు తీసేశాను. ఉదయపు వరస తిప్పి పాటలకు ఒకటి, రెండు అని అంకెలు పెట్టాను. అంతే. మా పత్రికలో కథల పోటీ జరిగినప్పుడు డెస్కులో రచయిత పేరు మీద కాగితం అంటించి న్యాయనిర్ణేతకు ఇచ్చేవారు, ఆ పద్ధతే. తర్వాత ధ్వని స్థాయి. రెండు శబ్దాల్లో కొంచెం పెద్దగా ఉన్నది చెవికి మెరుగ్గా తోస్తుంది. వినేవాడికి అది పెద్దగా ఉందని తెలియదు, బాగుందనే అనుకుంటాడు. విశాఖ నమూనా అలా బిగించి పెంచినది. ధ్వని కొలిచే మీటరు చూసి తగ్గిస్తే సరిపోదు, ఎందుకంటే రెండింటి వాద్యాలూ వేరు. రెండింటిలోనూ మారనిది నీలమ్మ గొంతు. ఆ గొంతు రెండు చోట్లా ఒకే ఎత్తులో వినిపించేదాకా మీట జరిపాను. తన పాట వినడానికి ఆ రోజు వచ్చి ఉన్న నీలమ్మనే కూర్చోబెట్టి సరిచూసుకున్నాను.

"ఇప్పుడు నా గొంతు అటూ ఇటూ ఒకలాగే ఉన్నాది బావూ," అందామె. "ఎనకాల సంబరమే మారిపోతన్నాది."

ఏజెంట్లను రెండు జట్లు చేసి, రెండో జట్టుకు వరస తిప్పి వినిపించాను. మొదట విన్నదాని మీద మొగ్గు ఉంటుంది కనుక. నా మొహం చూసి ఎవరూ పోల్చుకోకుండా గోడ వైపు తిరిగి కూర్చున్నాను. మొత్తం పాటకు ఒకే ఓటు కాకుండా, వేణువుతో మొదలయ్యే భాగానికి ఒకటి, గొంతుతో పాటు తాళం నడిచే భాగానికి ఒకటి అడిగాను.

వేణువు మోగగానే గదిలో నవ్వులు. "ఈ రెండో దాంట్లో కుక్కర్ విజిలు ఎవులు పెట్టినార్రా," అన్నాడు భాస్కరం. రెండోది లోకనాథానిది. భాస్కరం చెప్పింది నిజమే. అసలు వేణువులో స్వరం మొదలయ్యే ముందు ఊపిరి వినిపిస్తుంది, స్వరం చివర సన్నగా వాలుతుంది. బిల్టిన్ వేణువుకు ఊపిరి లేదు, మొదలూ చివరా కత్తిరించినట్టుంది. ఆ భాగంలో దాదాపు అందరూ విశాఖ నమూనాకే వేశారు.

తాళం దగ్గరకు వచ్చేసరికి గది సద్దుమణిగింది. మా జిల్లాలో జముకు అనే వాద్యం ఉంది. చిన్న కుంచం లాంటి డొల్లకు తోలు బిగించి, దాని మధ్యలోంచి నరం కట్టి మీటుతారు. నరం బిగువు మారినకొద్దీ ధ్వని సాగి వంగుతుంది. జముకు ఏ కంపెనీ ప్లగిన్లలోనూ లేదు. విశాఖ వారు దానికి బదులు డోలక్ వేశారు. ఆ డోలక్ చక్కగా, శుభ్రంగా ఉంది, ఎక్కడో ఉత్తరాది పెళ్లి ఊరేగింపులో నడుస్తున్నట్టుంది. లోకనాథం తన సింథ్‌లో లోతైన స్వరం ఒకటి తీసుకుని, దాన్ని వంచే మీటతో నీలమ్మ ఊపిరి ఎక్కడ తెగుతుందో అక్కడికల్లా జముకులా వంచాడు. ధ్వనిని లెక్క కట్టి పుట్టించే యంత్రం కనుకనే అది కుదిరింది. రికార్డయి ఉన్న డోలక్ అలా వంగదు. ఈసారి చాలామంది రెండోదానికి వేశారు, అది ఎవరిదో తెలియకుండానే.

అక్కడితో ఆపలేదు. మా పాఠకుల ఇళ్లలో సీడీ ప్లేయర్లు తక్కువ, ఆటోల్లో, బస్సుల్లో వినేదే ఎక్కువ. ఏజెంట్లను కిందికి తీసుకెళ్లి, సీడీ డెక్కు ఉన్న ఒక ఆటో ఆపి, అందులో రెండూ వేయించాను. ఆటోకి అటు సగం మంది, ఇటు సగం మంది చెవులొగ్గి నిలబడ్డారు. డ్రైవరు, "ఏటి బావూ, నా బండికి పురుడు పోత్తన్నారేటి," అన్నాడు. ఆ చిన్న స్పీకర్లలో విశాఖ వారి వయొలిన్ల గుంపు, హాలులో మోగినట్టుండే మార్దవం, అన్నీ పొగలా కలిసిపోయాయి. నీలమ్మ గొంతు, వంగుతున్న ఆ జముకు మిగిలాయి. ఆటో దగ్గర ఓటు లోకనాథానికే పడింది.

అతన్ని జీడిపప్పు కొట్లోంచి పిలిచి ఫలితం ఉన్నదున్నట్టు చెప్పాను. తాళంలో గెలిచావు, ఆటోలో గెలిచావు, వేణువులో చిత్తుగా ఓడావు. కుక్కర్ విజిల్ సంగతి భాస్కరమే చెప్పేశాడు.

లోకనాథం కాసేపు ఉడుక్కున్నాడు. తర్వాత అతనే అన్నాడు. "ఆ ఏణువు నాకూ నచ్చనేదు బావా. నా కాడ ఇంకోటి నేక పెట్టినాను. టెక్కల్లో వాయించే ముసిలాయన ఉన్నాడు, ఆయన్ని తెచ్చి ఊదించీస్తాను."

సిఫారసు అరపేజీ రాశాను. ఉదయం ఓటును ఎందుకు రద్దు చేశానో, మధ్యాహ్నం ఎలా వినిపించానో, లోకనాథం ఎక్కడ గెలిచాడో, ఎక్కడ ఓడాడో అందులో ఉన్నాయి. వేణువును మనిషి చేత వాయించాలన్న షరతు మీద పని అతనికే ఇవ్వాలని ముగించాను. ఇన్‌ఛార్జి మార్పులేమీ లేకుండా ఆమోదించారు. విశాఖ స్టూడియో వారు కారణం అడిగితే నా అరపేజీనే పంపారు. వారి నుంచి మళ్లీ ప్రశ్న రాలేదు. సీడీ పలాసలోనే తయారైంది. లోకనాథం గది ఖాళీ చేయలేదు. తర్వాతి సంవత్సరాల్లో డబ్బు కూడినప్పుడల్లా ఒక్కో ప్లగిన్ కొనుక్కున్నాడు. తాళాలు మాత్రం సొంతంగా వంచుకునేవాడు.

నేను ఉద్యోగ విరమణ చేసేదాకా మా ఎడిషన్‌లో ప్రకటన పాట అయినా, విద్యార్థుల వక్తృత్వ పోటీ టేపు అయినా ఆ పద్ధతిలోనే విని తేల్చారు. బిల్టిన్ మంచిదా, థర్డ్ పార్టీ మంచిదా అని కొత్తగా స్టూడియో పెట్టే కుర్రాళ్లు ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. ఏ పాటకు, ఏ వాద్యానికి, ఎవరు ఏ స్పీకర్లో వింటారని తిరిగి అడుగుతాను. జవాబు చెప్పగలిగిన వాడికి నా సలహాతో పని ఉండదు. నా మటుకు నేను నేర్చుకున్నది ఇంకొకటి. మనకు కావలసిన ఫలితం వచ్చినప్పుడే, అది ఎందుకు వచ్చిందని గట్టిగా అడగాలి. నచ్చని ఫలితాన్ని ఎలాగూ అందరూ ప్రశ్నిస్తారు.