అడుగు వరుస చూసిన హెలెన్

మా హెలెన్‌కు నోరెక్కువని పుంగనూరులో మా స్కూలంతా అనే మాట. ఆ నోటివల్లే ఆమె బాగుపడిందని ఒప్పుకోవడానికి మాత్రం కొందరికి ఇప్పటికీ నామోషీ. నాకా నామోషీ లేదు గనక నేనే చెబుతాను.

హెలెన్‌ది మదనపల్లె. మిషన్ ఆసుపత్రి వెనక వీధిలో పుట్టి పెరిగింది. వాళ్ళమ్మ యేసమ్మ టమాటా మార్కెట్లో కాయలు ఏరుతుంది, మంచివి ఒక క్రేటుకి, దెబ్బతిన్నవి ఒక క్రేటుకి. హెలెన్ సెలవుల్లో తల్లి పక్కన కూర్చుని ఏరుతూనే డిగ్రీ దాకా చదివింది. అనుభవమున్న వ్యాపారి క్రేటు పైన నవనవలాడే కాయల్ని చూసి వేలం పాడడు. క్రేటు బోర్లించి అడుగు వరుస చూస్తాడు. ఇది హెలెన్‌కు చిన్నప్పటినుంచీ తెలుసు.

తెలిసీ ఒకసారి మోసపోయింది. బీఈడీ అయ్యాక కుప్పంలో ఒక ప్రైవేటు స్కూలు కరపత్రంలో సైన్సు ల్యాబు ఫొటో చూసి ముచ్చటపడి చేరింది. తీరా చూస్తే ఆ గదిలో విరిగిన బెంచీలు పేర్చి ఉన్నాయి. ఏడాదంతా గైడు పట్టుకుని నోట్సు చెప్పించారు.

“అడుగు సూడకుండా కొంటివి గదమ్మా,” అంది యేసమ్మ.

తర్వాత హెలెన్ మా స్కూలుకు వచ్చింది. ఆమె ఫిజిక్సు, నేను బయాలజీ. మాకు ల్యాబు ఉంది, దానికి తాళమూ ఉంది. తాళంచెవి కరస్పాండెంట్ రాజేంద్ర సారు జేబులో ఉంటుంది. పిల్లల్ని చేర్చడానికి వచ్చిన వాళ్ళకు ఆయన ల్యాబును కిటికీలోంచి చూపించి, “పదేండ్లుగా ఒక్క బీకరు పగల్లేదప్పా,” అని మురిసిపోయేవాడు. హెలెన్ పళ్ళు కొరికేది. కటకాన్ని ఒక్కసారి చేత్తో పట్టుకోకుండా పిల్లలు దాని సూత్రాలు బట్టీ పడుతుంటే ఆమెకు నిజంగానే ఏడుపొచ్చేది.

“ఇంగొక ఏడాది ఇట్లే సెప్తే నాకే ఫిజిక్సు మీద ఇష్టం సచ్చిపోతాదక్కా,” అంది ఒకరోజు నాతో. ఆ భయంతోనే విదేశాల్లోని ఇంటర్నేషనల్ స్కూళ్ళకు దరఖాస్తులు పెట్టింది.

రెండు చోట్లనుంచి పిలుపు వచ్చింది. గల్ఫ్‌లో ఒక పెద్ద స్కూలు, వియత్నాంలో ఒక చిన్న స్కూలు. మా ఇంట్లో నెట్ బాగుంటుందని రెండు ఇంటర్వ్యూలూ మా ముందుగదిలోనే జరిగాయి. నేను వంటింటి గుమ్మంలో నిలబడి విన్నాను.

మొదట గల్ఫ్ వాళ్ళు. అంతా సవ్యంగా అయిందనగా, మీ ల్యాబు చూపిస్తారా అని అడిగింది హెలెన్. చూపించారు. అద్దంలాంటి ల్యాబు. పరికరాల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా ఊడదీయలేదు. కట్టి మూడేళ్ళయిందట. పగిలిన సామాను ఎక్కడ పెడతారని మా హెలెన్ ఇంకో ప్రశ్న వేసింది. ఆ పెద్దమనిషి ముఖం మాడిపోయింది. మా దగ్గర ఏదీ పగలదన్నాడు.

“పెండ్లిసూపులకు పోయి, మీ ఇంట్లో పగిలిన కుండలెన్నని అడుగుతారా ఎవరన్నా?” అని తిట్టాను.

“కాపరం సెయ్యాల్సింది నేను గదక్కా,” అంది.

అయినా గల్ఫ్ వాళ్ళు ఉద్యోగం ఇస్తామన్నారు. వియత్నాం ప్రిన్సిపాల్‌కూ ఇదే ప్రశ్న పడింది. ఆవిడ పకపకా నవ్వి, ఫోను చేత పట్టుకుని మెట్లు దిగి ల్యాబులోకి నడిచింది. మూలన ఒక చెక్కపెట్టె. నిండా పగిలిన బీకర్లు, అంచులూడిన కటకాలు, మాడిపోయిన బల్బులు. మా పిల్లలు మహా తుంటరులు, మీకు ఓపిక ఉందా అని అడిగింది.

హెలెన్ కళ్ళు తుడుచుకుంది. “సూడక్కా, ఆడ పిల్లోళ్ళు ముట్టుకుంటాండారు.”

ఆమె గల్ఫ్ వద్దనుకుంటోందని తెలిసి స్టాఫ్‌రూము అట్టుడికిపోయింది. “బంగారం ఇడిసిపెట్టి పెంకులకు పోతావా తల్లీ,” అన్నాడు రాజేంద్ర సారు. అందరూ అనేసరికి హెలెన్‌కూ గుబులు పుట్టి, ఆదివారం మదనపల్లె పోయి తల్లిని అడిగింది.

“సొట్టకాయ సూపించి అమ్మేటోడి దగ్గరే కొనుమ్మా. వాడు మోసం సెయ్యడు,” అంది యేసమ్మ. మర్నాడే హెలెన్ వియత్నాంకు సంతకం చేసింది.

వీడ్కోలు సభకు రాజేంద్ర సారు తల్లిదండ్రులందర్నీ పిలిచాడు. మా స్కూలు టీచరు ఇంటర్నేషనల్ స్కూలుకు పోతోందని మైకులో ఊదరగొట్టి, శాలువా కప్పి, ఇంకేమైనా కావాలా తల్లీ అన్నాడు. హెలెన్ మైకు అందుకుంది.

“వాళ్ళు నన్ను ల్యాబులో పాఠం సెప్పేదానికే పిలిసినారు సార్. పొయ్యేముందు మన పిల్లోళ్ళకూ ఒక్క పాఠం ల్యాబులో సెప్తాను. తాళం ఇయ్యండి.”

అంతమంది ఎదుట ఆయన ఏం చేస్తాడు? జేబులో చెయ్యి పెట్టాడు.

ఆ పాఠం మధ్యలోనే ఒక బీకరు కిందపడి పగిలింది. పిల్లలు బిక్కచచ్చిపోయి కరస్పాండెంట్ వైపు చూశారు. హెలెన్ చప్పట్లు కొట్టింది. వెనక నిలబడ్డ తల్లిదండ్రులూ కొట్టారు. నేనైతే చేతులు మండేదాకా కొట్టాను. హెలెన్ ఆ పెంకుల్ని ఏరి ఒక అట్టపెట్టెలో వేసి ల్యాబు కిటికీలో పెట్టి, మరుసటి వారం విమానం ఎక్కింది.

తాళంచెవి ఇప్పుడు నా దగ్గర ఉంది. పెట్టె సగం నిండింది. కొత్తగా పిల్లల్ని చేర్చడానికి వచ్చే వాళ్ళకు రాజేంద్ర సారు ముందుగా ఆ పెట్టెనే చూపిస్తున్నాడు.