నురగ రాని సీసా

బుక్కరాయసముద్రం దగ్గరి ఒక బడిలో సైన్సు చెప్పే వసుంధర టీచరు ఏ ప్రయోగాన్నైనా ముందు ఇంట్లో రెండు మూడు రకాలుగా చేసి చూసుకుంటుంది. పిల్లల చేతికి ఏది సులువుగా లొంగుతుందో దాన్నే బడికి తెస్తుంది. కొంగు నడుముకు దోపుకుని, గ్లాసును కంటి ఎత్తుకు లేపి, ఒక కన్ను మూసి నీళ్లు కొలుస్తుంది. మిగిలిన నీళ్లు ఒక్క చుక్క పారబోయదు, తరగతి గుమ్మం పక్కనున్న బాదం మొక్కకు పోస్తుంది.

నీళ్ల కఠినత్వం పాఠానికి బడికి సర్కారు పంపిన పెట్టెలోని రసాయనాల కంటే సబ్బుముక్కే మేలని ఆమె టీచర్ల మీటింగులో గట్టిగా వాదించింది. అదేమిటో చూద్దామని మండల విద్యాధికారి వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. ఏడో తరగతి పిల్లలు ఇళ్ల నుంచి తెచ్చిన నీళ్లలో సబ్బు వేసి ఊపితే, అన్ని సీసాల్లోనూ ఒకేలా నురగ పొంగింది. కఠినమైన నీళ్లలో నురగ రాదని చూపడానికి ఒక్క సీసా కూడా లేక టీచరు ముఖం పాలిపోయింది.

"బోరునీళ్లు ఎవురూ తేలేదేమప్పా?"

"మీకిచ్చేదానికి ఉప్పునీళ్లు ఎట్ల తెచ్చేది మేడం? అందరం క్యాన్ నీళ్లే తెచ్చినాం," అంది రేఖ. అంతలోనే ఆ పిల్లకు తట్టింది. "మనం చేతులు కడుక్కునే బోరు కొళాయి ఉండాది కదా!"

పరుగెత్తి సీసా నింపుకొచ్చింది. ఎంత ఊపినా నురగ రాలేదు. తెల్లటి తెట్టు మాత్రం తేలింది.

"అన్ని బళ్లకూ ఇదే చెప్తాం," అన్నారు అధికారి.

తలంటుకున్న ప్రతిసారీ తిట్టుకునే ఆ ఉప్పునీళ్లను టీచరు ఆ రోజు మొక్కకు పోయలేదు. సీసా మూత బిగించి, రసాయనాల పెట్టె మీద నిలబెట్టింది.