లైట్ తీసెయ్ అమ్మలూ

జేబులోంచి ఫోన్ తీసి నొక్కితే బొమ్మ పడిపోయే ఈ రోజుల్లో చెబితే ఎవరూ నమ్మరుగానీ, ఎనభైల మొదట్లో, అమెరికాలోని మా పార్సిప్పనీలో ఫోటో అంటే ఒక యజ్ఞం. అది చేయించేది ఫోటో అంకుల్. వారమంతా ఇంజినీరు, శని ఆదివారాలు మెడలో కెమెరా. మా చుట్టుపక్కల తెలుగువాళ్ళ పెళ్ళిచూపుల ఫోటోలన్నీ ఆయనవే (మా పిన్ని ముక్కు ఆయన దయవల్లే చిన్నదై సంబంధం కుదిరింది). ఆయన మనసు మాత్రం అక్కడ ఉండేది కాదు. లైబ్రరీ నుంచి పెద్ద పెద్ద ఫోటోగ్రాఫర్ల జీవితచరిత్రలు తెచ్చుకుని, ఒకాయన ఒక్క మబ్బు కోసం మూడు రోజులు కొండమీద కూర్చున్నాడంటూ నాకు పురాణంలా చెప్పేవారు. నాకప్పుడు పదమూడేళ్ళు. ఎప్పటికైనా కెమెరా ముట్టుకోనిస్తారన్న ఆశతో ఊకొట్టేదాన్ని.

ఆ చలికాలం, ఆ పుస్తకాల్లోని ఒక పెద్దావిడే మా లైబ్రరీకి వస్తున్నారనీ, ఊళ్ళోవాళ్ళ ఫోటోలు గోడకి పెడితే చూసి మాట్లాడతారనీ తెలిసింది. అంకుల్‌కి కాలు నిలవలేదు. ఆవిడ ఒక్కసారి తన ఫోటో ముందు ఆగితే చాలు, జన్మ ధన్యమన్నారు. ఆంటీ చీరమీద కోటు వేసుకుని, పారతో మంచులోంచి కారుని బయటికి తవ్వుతున్న ఫోటో ఎంచుకున్నారు (పార పట్టుకోకుండా కెమెరా ఎందుకు పట్టుకున్నారని ఆంటీ చాలా ఏళ్ళు అడిగింది). ఆదివారం అయిదింటికల్లా ఇవ్వాలి. నాలుగయ్యేసరికి, నచ్చని ప్రింట్లన్నీ పారేసి పారేసి ఆఖరి కాగితానికి వచ్చారు.

వాళ్ళ బేస్‌మెంటే ఫోటోలు కడిగే డార్క్‌రూమ్, ఎర్ర దీపం తప్ప ఇంకే వెలుగూ పడకూడదు. మూసిన తలుపుకి ఇవతల, వంటింట్లో నేను కాపలా. పక్కన రెండు స్విచ్చులు, ఒకటి వంటింటికి, ఒకటి కిందికి. వంటింటి వెలుగు తలుపు సందులోంచి లోపల పడుతోందని కాబోలు, అంకుల్ కిందనుంచి "అమ్మలూ, లైట్ తీసెయ్" అని కేకేశారు. అంకుల్ వాళ్ళది గుంటూరు, మాది వరంగల్. మా ఇంట్లో లైట్ బంద్ చేస్తారు. తీయడమంటే అమెరికాలో పెరిగిన నాకు తెలిసిందల్లా తలుపు తీయడం, డబ్బా మూత తీయడం, అంటే ఓపెన్ చేయడం. గుంటూరులో లైట్లు కూడా ఓపెన్ చేస్తారేమో అనుకుని కింది స్విచ్ వేశాను.

కింద ఎర్ర దీపం వెలుగులో, ట్రేలోని మందునీళ్ళలో అప్పుడే బొమ్మ తేలుతోందట. "తీసెయ్, తీసెయ్" అని అంకుల్ గొంతు చించుకున్నారు. "తీసేసిన అంకుల్, మంచిగ వెలుగుతుంది" అన్నాను గర్వంగా. ఆయన ఇంగ్లీషులోకి దిగి "ఆఫ్" అన్నాకగానీ నాకు బోధపడలేదు.

పైకి తెచ్చిన ప్రింట్ చూసి నాకు ఏడుపొచ్చింది. తెల్లటి మంచు అంతా మసిబారింది. ఆంటీ చుట్టూ మాత్రం సుద్దతో గీసినట్టు సన్నటి వెలుగు గీత. అంకుల్ ప్రింట్ బల్లమీద పెట్టి గడియారం చూశారు. షాపులు మూసేశారు, కాగితం లేదు. చివరికి ఆంటీయే ప్రింట్ అటూ ఇటూ తిప్పి చూసి, "నా మొహం బానే ఉందిగా, ఇచ్చి రండి" అంది.

తర్వాతి వారం ఆ పెద్దావిడ గోడ వెంట నడుస్తూ నడుస్తూ ఆంటీ ఫోటో ముందు ఆగిపోయారు. ఇదెలా చేశారని అడిగారు. జీవితమంతా ఈ ప్రశ్న కోసమే ఎదురుచూసిన అంకుల్, అబద్ధం నోటికి రాక నన్ను చూపించి "దిస్ గర్ల్ టుక్ ద లైట్, మేడమ్" అన్నారు. సంగతంతా విని ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. తనకి పేరు తెచ్చిన మొదటి ఫోటో కూడా ఎవరో తలుపు తెరిస్తే పాడైనదేనట. పాడైందని పారేయకుండా గోడకి పెట్టినవాళ్ళదే ఫోటో అని చెప్పి, మా ఇద్దరితోనూ చేయి కలిపారు. ఇంటికొచ్చే దారిలో, కార్లో, అంకుల్ తన మెడలోని కెమెరా తీసి నా మెడలో వేశారు. అంత సంతోషం నాకు మళ్ళీ పెళ్ళిలో కూడా కలగలేదు.

ఆ చలికాలమంతా ఆయన నన్ను అదే తలుపు దగ్గర నిలబెట్టి లైట్ వేయించారు, తీయించారు. ఆ వెలుగు గీత మళ్ళీ పడలేదు. రిటైరై, మంచు పడని చాండ్లర్ ఊరికి వెళ్ళిపోతూ ఆ ప్రింట్ నాకిచ్చారు. ఇప్పుడది నా స్టూడియో గోడమీద ఉంది. నేను ఫోటోలు తీసే బతుకుతున్నాను, నలభై దాటాక పట్టుబట్టి తెలుగు కూడా చక్కగా నేర్చుకున్నాను. లైట్ తీసెయ్ అంటే ఆర్పెయ్యమని నాకిప్పుడు బాగా తెలుసు. అందుకేనేమో, అలాంటి ఫోటో నా చేతిమీదుగా ఇంకొక్కటి రాలేదు.