గీత అందని వాన

బెజవాడ పటమటలో మా ఇంటి మేడ మీద ఉండే టీచరుగారు మొన్న ఆదివారం తెల్లవారుజామున కన్నుమూశారు. ఆవిడ దగ్గర చదువుకున్న మీరంతా పెద్దకర్మ రోజున కలుసుకుని ఆవిడ గురించి చెప్పుకుంటారని వాళ్ళమ్మాయిగారు చెప్పారు. నేను పదిమందిలో నోరు విప్పలేను. అందుకే రాసి పంపుతున్నాను. ఐదో తరగతితో ఆగిన చదువు నాది. ఒత్తులు తప్పుతాయి, అక్షరాలు వంకర పోతాయి. ఏమీ అనుకోకండి.

నేను ఆవిడ బళ్ళో చదవలేదు. కింది వాటాలో అద్దెకున్నవాళ్ళ కోడలిని. గుమ్మం దాటాలంటే అత్తయ్యగారిని అడగాలి. అడగడానికి నాకు నోరు రాదు. మాకున్నది ఒక గది, ఒక రేకుల వంటిల్లు. వంటింటి కిటికీలోంచి పక్కింటి గోడ తప్ప ఇంకేమీ కనపడదు.

టీచరుగారు డాబా మీద వాన కొలిచే డబ్బా పెట్టుకున్నారు. పక్కనే నీడపట్టున గోడకి థర్మామీటరు. రిటైరయ్యాక మోకాళ్ళు పట్టేశాయి. ఒకరోజు మెట్ల మీంచే కేకేశారు.

"వదినగారూ, మీ కోడల్ని రోజూ పొద్దున ఓ ఐదు నిమిషాలు పంపండి. డాబా ఎక్కి చూసొస్తుంది."

ఇల్లు ఆవిడదే కాబట్టి మాట కాదనలేక అత్తయ్యగారు ఒప్పుకున్నారు. అప్పట్నుంచి ఎనిమిదిన్నరకి డాబా ఎక్కేదాన్ని. డబ్బాలో నీళ్ళు గీతలున్న గాజుగొట్టంలో పోసి, ఏ గీత దాకా వచ్చాయో చూసి చెప్పేదాన్ని. ఆవిడ పాత ఏళ్ళ లెక్కలతో పోల్చి, "ఈ నెల సాధారణం కన్నా తక్కువే" అనో, "పర్లేదు, సమానంగా ఉంది" అనో అనేవారు. వాన లేని రోజు కూడా పంపేవారు.

"సున్నా కూడా కొలతేనమ్మా. చూడకుండా సున్నా అనకూడదు."

ఆ మాట నా కోసమే కనిపెట్టారేమో అనుకునేదాన్ని. పైకెళితే చుట్టూ ఆకాశం ఉండేది.

ఒక మే నెలలో డబ్బాలో నీళ్ళు కనపడ్డాయి. వాన పడిందని పరిగెత్తుకెళ్ళి చెప్పాను. ఆవిడ పడీ పడీ నవ్వారు. "ఇది దేవుడి వాన కాదే పిచ్చిమొహమా, మీ అత్తగారి వాన! నిన్న సాయంత్రం డాబా చల్లబడాలని బకెట్లతో నీళ్ళు కొట్టింది కదూ?"

అప్పుడు నాకు మూడో నెల. రేకుల కింద పొయ్యి దగ్గర కళ్ళు తిరిగి పడిపోయాను. కంకిపాడు పక్క పల్లెలో ఉన్న మా అమ్మ దగ్గరికి వెళ్ళాలని ప్రాణం కొట్టుకునేది. అడగలేకపోయాను. టీచరుగారే థర్మామీటరు పట్టుకుని, మెట్టుకోసారి ఆగుతూ దిగొచ్చి, దాన్ని మా వంటింటి మేకుకి తగిలించారు.

"ఎండాకాలం ఎండలు మామూలేగా టీచరుగారూ! మేం కనలేదా పిల్లల్ని?" అన్నారు అత్తయ్యగారు.

"మామూలో కాదో దీన్నే అడుగుదాం. ఈపూట అన్నం వార్చేదాకా మీరు నిలబడండి వదినగారూ."

ఎసరు మరగకముందే అత్తయ్యగారు కొంగుతో విసురుకుంటూ బయటికొచ్చేశారు. "సరే, వెళ్ళు. తొలకరి పడిన రోజుకి మాత్రం ఇక్కడుండాలి" అన్నారు.

ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. నారుమడికి నీళ్ళు లేక నాన్న మబ్బు కోసం చూసేవాడు. నేను మబ్బుని చూసి భయపడేదాన్ని. ఒకరోజు బెజవాడలో చినుకులు పడ్డాయి. అత్తయ్యగారు మా ఆయన్ని నా కోసం బస్టాండుకి పంపబోతుంటే టీచరుగారు అడ్డుపడ్డారట.

"తొందరెందుకండీ? రెండున్నర మిల్లీమీటర్లు పడితేనే దాన్ని వాన రోజంటారు. నేను కొలిచొచ్చా. గీత అందలేదు. లెక్కలోకి రాదు."

ఆ మోకాళ్ళతో ఆవిడే డాబా ఎక్కారు. తర్వాత పడిన జల్లుకి కూడా ఎక్కారు. "ఆ గాజుగొట్టం ఒప్పుకుంటేగానీ మా ఇంట్లో వాన పడినట్టు కాదు" అని అత్తయ్యగారు ఇప్పటికీ దెప్పుతారు.

చివరికి గీత దాటిన వాన పడింది. వచ్చేశాను. మెట్ల దగ్గర ఆవిడని చూసి ఏడ్చాను.

"అబద్ధం చెప్పుంటే ఇంకొన్నాళ్ళు ఉండేదానివి. అది నా వల్ల కాలేదే" అన్నారు. తల నిమిరి, "ఏ ఒక్క ఏడూ సాధారణంగా ఉండదమ్మా. ఎక్కువలూ తక్కువలూ అన్నీ కలిపితే వచ్చేదే సాధారణం. నీకూ అన్నీ తక్కువ నెలలే ఉండవు" అన్నారు.

అది నిజమో కాదో నాకింకా తెలియలేదు.

ఆవిడ పోయాక డాబా తలుపుకి తాళం పడింది. ఎనిమిదిన్నరకి కాళ్ళు మెట్ల దాకా వెళ్ళి ఆగిపోతున్నాయి. నిన్న పెద్ద వాన కురిసింది. పైన డబ్బాలో ఎంత పడిందో చూసినవాళ్ళు లేరు. నేను వంటింటి కిటికీ ఊచల్లోంచి చెయ్యి చాపి, బయట గట్టు మీద స్టీలు గ్లాసు పెట్టాను. పొద్దున్న వేలు ముంచి చూస్తే గోరు మునిగింది.

"ఆ గ్లాసు అక్కడెందుకే?" అన్నారు అత్తయ్యగారు.

"పిచ్చుకలకండీ" అన్నాను.

మీకు నిజం చెప్పేశాను కాబట్టి, చదవడం అయ్యాక అత్తయ్యగారి కంట పడకుండా ఈ కాగితం కాల్చేయండి. గ్లాసు అక్కడే ఉండాలి.