ఇరవయ్యో చీటీ

ఆ దీవిలో ఫెలింగ్ మాటంటే మాటే. ఊరి ఆరోగ్య కేంద్రంలో పదహారేళ్ళుగా ఆవిడే కార్యకర్త. సోమవారం జ్వరాలు, మంగళవారం గర్భిణులు, బుధవారం పిల్లలకి టీకాలు అని పాత క్యాలెండర్ వెనకవైపు రాసి గోడకి అంటించిందీ ఆవిడే. మంగళవారం నర్సు జుదిత పట్నం నుంచి పడవలో వస్తుంది. బీపీ మిషను ఆమె సంచీలోనే వస్తుంది, ఆమె సంచీలోనే పోతుంది. మధ్యాహ్నం సముద్రం లేచేలోపు వెళ్ళిపోవాలి గనక ఇరవై మందికే చీటీలు. ఇరవై ఒకటో మనిషి మేయరు పెళ్ళామైనా సరే, మళ్ళీ మంగళవారమే.

ఇంకో పట్టింపు కూడా ఉంది ఫెలింగ్‌కి. తనవాళ్ళకి ఎప్పుడూ ఆఖరి చీటీయే. ముందున్న కార్యకర్త మందులన్నీ చుట్టాలకే పంచిందని ఊరంతా దుమ్మెత్తిపోసింది. ఆ మాట తనమీద పడితే ఇంక తలెత్తుకోలేననుకునేది.

కూతురు అర్లీన్‌కి ఎనిమిదో నెల. ఆ మంగళవారం పొద్దున్నే పాదాలు బూరెల్లా పొంగి, తల పట్టుకుని బెంచీ మీద కూచుంది.

"అమ్మా, కళ్ళముందు మెరుపులు కనిపిస్తున్నాయే. నన్ను ముందు పంపవూ?"

"నోర్ముయ్యవే, అందరూ వింటున్నారు. ఇదిగో నీ చీటీ."

ఇరవై. అర్లీన్ అంత నొప్పిలోనూ నవ్వింది. "అయినవాళ్ళకి ఆకుల్లో, కానివాళ్ళకి కంచాల్లో! నీ సంగతి నాకు తెలీదా?"

బెంచీ మీద ఆడవాళ్ళంతా పకపకా నవ్వారు. ఫెలింగ్‌కి లోలోపల గర్వంగానే అనిపించింది. పాడు గర్వం!

పదకొండింటికే గాలి తిరిగింది. రేవులోంచి పడవవాడు కేకలు మొదలెట్టాడు. పంతొమ్మిదో మనిషిని చూసి జుదిత సంచీ సర్దుకుంది.

"ఇంకెవరైనా తప్పనిసరిగా చూడాల్సినవాళ్ళున్నారా, ఫెలింగక్కా?"

అందరి కళ్ళూ తనమీదే ఉన్నాయనిపించింది ఫెలింగ్‌కి. "ఎవరూ లేరమ్మా. మా అమ్మాయేలే, వచ్చేవారం చూపించుకుంటుంది."

గురువారం అర్లీన్‌కి ఫిట్స్ వచ్చాయి. పట్నానికి పడవలో గంటన్నర. సగం దారిలోనే తల్లి ఒళ్ళో ప్రాణం పోయింది. కడుపులో బిడ్డా దక్కలేదు.

తొమ్మిదోరోజు ప్రార్థనకి జుదిత వచ్చింది. ఫెలింగ్ ఆమె చెయ్యి వదల్లేదు. "ఆరోజు ఒక్క మాట చెప్పుంటే చూసేదానివా?"

"చూసేదాన్నే అక్కా. పడవ ఆపించేదాన్ని."

అబద్ధం ఆడినా బాగుండేది, తల్లీ!

నెల తిరిగాక ఫెలింగ్ మళ్ళీ కేంద్రం తలుపు తీసింది. గోడమీది కాగితం పీకేసి కొత్తది అంటించింది. మంగళవారం అన్నచోట అన్నిటికన్నా పైన రాసింది: కాళ్ళవాపు, తలనొప్పి ఉన్నవాళ్ళు ముందు.

ఆ వచ్చిన మంగళవారం పొద్దున కొండమీది ఊరినుంచి ఎవరో ముక్కూమొహం తెలియని పిల్ల కాళ్ళీడ్చుకుంటూ ఆలస్యంగా వచ్చింది. ఫెలింగ్ ఆ పాదాలు చూసింది. చీటీ గీటీ లేకుండా చెయ్యి పట్టుకుని సరాసరి లోపలికి నడిపించింది.

ఒకటో చీటీ పట్టుకున్నావిడకి ఒళ్ళు మండింది. "ఏం ఫెలింగ్, నీకూ మొదలైందా? ఎవరా పిల్ల, నీ చుట్టమా?"

"మా అమ్మాయే," అంది ఫెలింగ్.